రెనెసాన్స్ జడల గుట్టు పిన్నులో లేదు, సూదీ నాడాలో ఉంది

సంక్షిప్తంగా: రెనెసాన్స్ (పునరుజ్జీవన) కాలపు, అంటే 15, 16 శతాబ్దాల ఐరోపా కేశాలంకరణను నిలబెట్టినవి పిన్నులు కావు. జడను తలకు కుట్టేసే నాడా, లోపల కలిపే సవరం, పైన కప్పే ముసుగో వలో కలిసి దాన్ని మోశాయి. ఇంట్లో చేసినప్పుడు అది జారిపోవడానికి కారణం చేతి పనితనం తక్కువ కావడం కన్నా, అప్పుడే షాంపూ చేసిన జుట్టు, పాత చిత్రాలను ఉన్నదున్నట్టు నమ్మేయడం. ఒత్తైన నల్ల జుట్టుకు మిలాన్ పద్ధతి చక్కగా నప్పుతుంది. రంగు మార్చడం, నుదుటి వెంట్రుకలు పీకడం అనవసరమే కాదు, హానికరం కూడా.

యూట్యూబ్‌లోనో ఇన్‌స్టాగ్రామ్‌లోనో ‘రెనెసాన్స్ హెయిర్‌స్టైల్’ అని వెతికితే ఒకే పేరు కింద పొంతన లేని అలంకరణలు వరుస కడతాయి. ఒకదాంట్లో ముత్యాలు గుచ్చిన సన్నజడలు ఎదమీదికి వేలాడుతుంటాయి. ఇంకొకదాంట్లో రెండు జడలు తల చుట్టూ తిరిగి ఉంటాయి. మరొకదాంట్లో ఉంగరాల జుట్టు నుదుటికి రెండు పక్కలా ఎత్తుగా లేచి ఉంటుంది. మూడింటికీ మధ్య వంద ఏళ్ళ ఎడం, ఆల్ప్స్ పర్వతాలు, ఒక సముద్రం ఉన్నాయని ఆ వీడియోలు చెప్పవు. చూసి ప్రయత్నించేవాళ్ళకు ఎదురయ్యే ఇబ్బంది మాత్రం ఒక్కటే. డజను సైడు పిన్నులు గుచ్చినా జడ మెల్లగా మెడమీదికి దిగజారుతుంది.

ఈ కలగాపులగానికి ఒక కారణం అమెరికాలో ఉంది. 1963లో కాలిఫోర్నియాలో మొదలైన ‘రెనెసాన్స్ ఫెయిర్’ ఆ తర్వాత అనేక రాష్ట్రాలకు పాకింది. అక్కడి తెలుగు పిల్లలకు కూడా ఇప్పుడు అది తెలిసిన తిరనాళ్ళే. దాని నేపథ్యం ప్రధానంగా మొదటి ఎలిజబెత్ నాటి ఇంగ్లండ్. జనం మనసులో ఉన్న బొమ్మ మాత్రం చిత్రకారులు బొత్తిచెల్లి, లియొనార్డోల ఇటలీ. దుస్తులు లండన్‌వి, జడలు ఫ్లోరెన్స్‌వి అయిపోవడం అక్కడ మామూలే.

ఏ ఊరు, ఏ దశాబ్దం

1470, 80లలో ఫ్లోరెన్స్ సంపన్న కుటుంబాల పడుచులు చెంపల పక్క వెంట్రుకలను పొట్టిగా ఉంచి అలలుగా వదిలేవారు. వెనక జుట్టును జడలుగా అల్లి చుట్టగా తిప్పేవారు. మాడ్రిడ్‌లోని థిస్సెన్ మ్యూజియంలో ఉన్న జొవాన్నా తోర్నబువోని చిత్రం దీనికి చక్కటి ఆధారం. గీసినవాడు దొమెనికో గిర్లాందాయో. పక్కకు తిరిగిన ముఖం కాబట్టి ముందు అలలు, వెనక చుట్ట రెండూ ఒకేసారి కనిపిస్తాయి.

అదే కాలంలో ఇటలీలోనే మరో నగరం మిలాన్ దారి వేరు. స్పెయిన్ నుంచి వచ్చిన ‘కొఆట్సోనె’ అనే పొడుగు జడ పద్ధతి అక్కడ రాజ్యమేలింది. నడుమ పాపిడి తీసి, జుట్టును చెంపల మీదుగా చెవులు కప్పేలా నున్నగా దువ్వి, వెనక ఒకే పొడుగు జడ వేసి, దానికి బట్టో రిబ్బనో చుట్టేవారు. తల వెనక భాగానికి వల టోపీ, నుదుటి మీదుగా సన్నటి పట్టీ. 1491లో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాను పెళ్ళాడిన బెయాత్రిచె దెస్తె ఈ పద్ధతికి పెట్టింది పేరు. మిలాన్ బ్రెరా గ్యాలరీలో ఉన్న 1490ల నాటి బలిపీఠ చిత్రంలో ఆమె మోకరిల్లి ఉంటుంది. వీపు మీద ఆ చుట్టిన జడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె అక్క ఇజబెల్లా దెస్తె 16వ శతాబ్దంలో మరో దారి తొక్కి, తలపాగాలా ఉబ్బెత్తుగా ఉండే ‘బాల్జో’ను ప్రచారంలోకి తెచ్చింది. 1530లలో చిత్రకారుడు టిషన్ గీసిన ఆమె చిత్రంలో తల మీద ఉన్నది అదే.

మగవాళ్ళ సంగతి త్వరగా తేలిపోతుంది. 1500 నాటి స్వీయచిత్రంలో జర్మన్ చిత్రకారుడు ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ జుట్టు భుజాల మీద ఉంగరాలు తిరిగి ఉంటుంది. 1521లో ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ తలకు దెబ్బ తగిలి జుట్టు కత్తిరించుకున్నాక ఆస్థానంలో పొట్టి జుట్టు, గడ్డం ఫ్యాషన్ అయ్యాయి.

ఊరు, కాలంతో పాటు వయసు, పెళ్ళి కూడా జుట్టును నిర్ణయించేవి. పెళ్ళికాని పిల్ల జుట్టు వదిలేసి తిరగవచ్చు. పెళ్ళయ్యాక కట్టాలి, చాలా చోట్ల కప్పాలి కూడా. ఫ్లోరెన్స్ శాంతా మారియా నొవెల్లా చర్చిలో గిర్లాందాయో వేసిన కుడ్యచిత్రాల్లో పడుచుల తలలు తెరిచి ఉంటే, వయసు మళ్ళినవాళ్ళ తలలు తెల్లటి ముసుగుల్లో ఉంటాయి. ఇప్పటి వీడియోల్లో అన్నిటికన్నా ముందు మాయమయ్యేది ఈ ముసుగే. అది పోతే అందం ఒక్కటే పోదు, బరువు మోసే ఆధారం కూడా పోతుంది.

చిత్రాలు ఎంతవరకు సాక్ష్యం

ఇంట్లో ప్రయత్నించేవాళ్ళంతా మొదట తెరిచేది ఏదో ఒక చిత్రాన్నే. అక్కడే తొలి పొరపాటు జరుగుతుంది.

పోలండ్‌లోని క్రకోవ్‌లో ఉన్న లియొనార్డో చిత్రం ‘లేడీ విత్ యాన్ ఎర్మిన్’ను తీసుకుందాం. సుమారు 1490 నాటిది, అందులో ఉన్నది చెచీలియా గల్లెరానీ. ఆమె జుట్టు చెంపల మీదుగా దిగి గడ్డం కింద ముడి పడినట్టు కనిపిస్తుంది. దాన్ని చూసి జుట్టును గడ్డం కింద కట్టడానికి తంటాలు పడేవాళ్ళున్నారు. నిజానికి అక్కడ ఉన్నది పారదర్శకమైన పలుచని ముసుగు. తర్వాతి కాలంలో ఎవరో మరమ్మతు చేస్తూ ఆ ముసుగు మీద జుట్టు రంగు పూశారు. వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ నిపుణులు 1990లలో చిత్రాన్ని పరీక్షించినప్పుడు ఈ పూత సంగతి తేలింది. కాబట్టి గడ్డం కింద ఏ ముడీ అక్కర్లేదు. నుదుటి పట్టీతో నిలిచే ఒక గాజ్‌గుడ్డ ముక్క చాలు.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉన్న బొత్తిచెల్లి చిత్రంతో వచ్చే చిక్కు మరో రకం. ముత్యాల సరాలు, ఈక, మెడ కింద కలిసే రెండు జడలు, అక్కడక్కడా విడిచిన పాయలు అన్నీ ఒకే తల మీద ఉంటాయి. సిమొనెత్తా వెస్పూచ్చి అనే అందగత్తెతో దీన్ని ముడిపెడతారు. కానీ ఆమె 1476లోనే చనిపోయింది, చిత్రం సుమారు 1480ది. పురాణ కన్య వేషంలో ఉన్న ఊహాసుందరి అని చాలామంది కళాచరిత్రకారుల అభిప్రాయం. ఫ్లోరెన్స్ గృహిణి ఎవరూ ఆ తలతో వీధిలోకి వచ్చి ఉండరు. అంత జుట్టు ఒక్క తలకు ఉండటం కూడా కష్టమే. ఇంటర్నెట్‌లో అందరూ అనుకరించేది మాత్రం దీన్నే.

అలాగని చిత్రకారులు అంతా కల్పించారనీ కాదు. బ్రొంజీనో 1545లో గీసిన చిత్రంలో ఫ్లోరెన్స్ డ్యూక్ కొసిమో మెడిచీ భార్య ఎలియొనోరా ది తొలేదో తల మీద బంగారు దారాల వల ఉంది. ఆమె 1562లో మరణించింది. 1857లో ఫ్లోరెన్స్ శాన్ లొరెంజో చర్చిలో మెడిచీల సమాధులు తెరిచినప్పుడు ఆమె జుట్టు ఇంకా జడగానే, బంగారు తాడుతో కట్టి ఉన్నట్టు నమోదు చేశారు. రాణివాసపు స్త్రీల విషయంలో చిత్రానికీ వాస్తవానికీ అంత దూరం లేదనడానికి ఇంతకన్నా గట్టి రుజువు అరుదు.

జారని జడ వెనక ఉన్న సంగతి

జడ నిలవాలంటే కావలసింది రాపిడి. ఇప్పటి షాంపూ జుట్టు మీది నూనెను పూర్తిగా కడిగేస్తుంది. ఆపైన కండిషనర్ వెంట్రుక మీది పొలుసులను నున్నగా పరిచి పూత పూస్తుంది. ఆ జుట్టు పట్టులా జారుతుంది. విరబోసుకుంటే అందమే, అల్లి తలకు ఎత్తి కట్టడానికి మాత్రం అది పనికిరాదు.

ఆనాటి జుట్టుకు ఈ సమస్య లేదు. తలస్నానం ఉండేది, బూడిద తేటతో తల రుద్దుకునేవారు, కానీ రోజూ కాదు. మిగతా రోజుల్లో శుభ్రత భారమంతా దువ్వెనది, నార బట్టది. రెండు వైపులా పళ్ళున్న దువ్వెనతో ఒక పక్క చిక్కు తీసి, రెండో పక్క సన్నపళ్ళతో దుమ్మూ పేలూ ఈర్లూ లాగేవారు. ఇప్పటికీ మన ఇళ్ళల్లో ఉండే పేల దువ్వెన రూపమే అది. 1545లో మునిగిన ఇంగ్లండ్ యుద్ధనౌక ‘మేరీ రోజ్’ శిథిలాల్లో ఇలాంటి చెక్క దువ్వెనలు 80కి పైగా దొరికాయంటే నావికులు కూడా దాన్ని వదల్లేదన్నమాట. అలా దువ్వినకొద్దీ మాడు దగ్గరి నూనె చివరిదాకా పాకి, జుట్టుకు కాస్త బరువూ పట్టూ వస్తాయి.

రెండో సంగతి కట్టే పద్ధతి. సైడు పిన్ను 20వ శతాబ్దపు వస్తువు, రబ్బరు బ్యాండు 19వ శతాబ్దానికి ముందు లేదు. పునరుజ్జీవన కాలంలో ఇత్తడి సూదిపిన్నులు, వంచిన తీగ పిన్నులు ఉన్నా అవి ప్రధానంగా ముసుగును నిలిపేవి. జడను తల మీద నిలిపే పని నాడాది. ఆ కాలపు ఇటలీ చిత్రాల్లో జడల మీద అడ్డంగా, ఏటవాలుగా పోయే రిబ్బను అలంకారంగా కనిపిస్తుంది. జడను తల మీది జుట్టుకు కలిపి కుట్టేది కూడా అదే.

తలకట్టును కుట్టవచ్చన్న ఆలోచన ఈ కాలపు పరిశోధకుల్లోకి బలంగా వచ్చింది రోమన్ శిల్పాల నుంచి. అమెరికాలోని బాల్టిమోర్‌కు చెందిన హెయిర్‌డ్రెస్సర్ జానెట్ స్టీఫెన్స్ ఒక మ్యూజియంలో రోమన్ రాణి శిల్పాన్ని చూసి, ఆ కొప్పును తన చేతులతో చేయడానికి పూనుకున్నారు. పిన్నులతో నిలవనిది సూదీ దారంతో నిలిచింది. ఆమె 2008లో రోమన్ పురావస్తు పత్రికలో వ్యాసం ప్రచురించారు, అలాంటివన్నీ విగ్గులేనన్న పాత నమ్మకం దాంతో సడలింది. ఇటలీ 15వ శతాబ్దపు అలంకరణలను కూడా ఇదే పద్ధతిలో పరీక్షించే వాళ్ళు ఆ తర్వాత పెరిగారు.

తెలుగువాళ్ళకు దీన్ని వేరే విడమరచి చెప్పక్కర్లేదు. వేసవిలో ఆడపిల్లకు పూలజడ కుట్టేటప్పుడు సూది జడ పాయల్లోంచి దూరి పూలను ఎలా పట్టి ఉంచుతుందో, ఇక్కడ నాడా జడను తలకు అలాగే పట్టి ఉంచుతుంది. పిన్ను తాను గుచ్చుకున్న ఒక్క చోటే బరువు మోస్తుంది. అక్కడ జారితే అంతా జారుతుంది. నాడా మాత్రం ప్రతి కుట్టు దగ్గరా కాస్త కాస్త బరువు తీసుకుంటుంది. అందుకే ఒక కుట్టు వదులైనా కొప్పు కదలదు, నిద్రపోయి లేచినా ఉంటుంది.

ఇంట్లో చేయాలంటే

తల అంటుకున్న రోజున కాక, ఒకటి రెండు రోజుల తర్వాత మొదలుపెట్టడం మేలు. జుట్టు మరీ నున్నగా ఉంటే అరచేతికి అంటీ అంటనట్టు కొబ్బరినూనె రాసుకుని దువ్వితే పట్టు వస్తుంది. ఎక్కువైతే మళ్ళీ జారుడే.

సెంటీమీటరు వెడల్పున్న నూలు నాడా రెండు మూడు మీటర్లు కావాలి. లంగాలకు వాడే నాడా ఇందుకు సరిగ్గా సరిపోతుంది. మెరిసే శాటిన్ రిబ్బను ఫొటోల్లో బాగున్నా పట్టు తక్కువ. దాన్ని పైన అలంకారానికి వాడి, లోపల నూలు నాడాతో కుట్టడం తెలివైన పని. సూది మొన మొద్దుగా, కన్ను పెద్దదిగా ఉండాలి. గోనెసంచులు కుట్టే దబ్బనం మొన గుచ్చుకుంటుంది కాబట్టి ఊలు కుట్టుకు వాడే ప్లాస్టిక్ సూది నయం.

తల చుట్టూ రెండు జడలు తిప్పే అలంకరణకు నడుమ పాపిడి తీసి, చెవుల వెనక కిందుగా రెండు జడలు వేయాలి. జడ మొదలయ్యే చోటే నాడాను మడిచి, దాని రెండు కొసలను రెండు పాయలతో కలిపి అల్లుకుంటూ పోతే జుట్టు అయిపోయాక కూడా నాడా మిగులుతుంది. కొసకు రబ్బరు బ్యాండు అవసరమే ఉండదు. ఒక జడను నడినెత్తి మీదుగా అవతలి చెవి దాకా తెచ్చి, రెండోదాన్ని దాని వెనకగా ఎదురు దిశలో పరచాలి. కొసలు ఎదుటి జడ కిందికి దూరిపోతాయి.

అసలు పని ఇప్పుడే. మిగిలిన నాడాను సూదికి ఎక్కించి, జడ అడుగున మాడును ఆనుకుని దూర్చి, అక్కడి జుట్టును కాస్త పట్టుకుని, జడ మీదుగా ఇవతలికి తేవాలి. బొటనవేలి వెడల్పంత దూరంలో మళ్ళీ అదే. సూది మాడుకు సమాంతరంగా, జుట్టు వేళ్ళను రాసుకుంటూ పోవాలి. పైపై వెంట్రుకలను మాత్రమే పడితే కుట్టు ఊగుతుంది. బిగించి లాగితే సాయంత్రానికి తలనొప్పి ఖాయం. నాడా జడ మీద బల్లపరుపుగా కూర్చుంటే చాలు, అందులోకి కోసుకుపోకూడదు. చివర ముడి వేసి కొస లోపలికి తోసేయాలి.

ఒంటరిగా చేసుకుంటే రెండు చేతులూ తల వెనక పైకెత్తి ఉంచాల్సి వస్తుంది, భుజాలు లాగేస్తాయి. ఈ అలంకరణలు పుట్టిందే దాసీలో అక్కచెల్లెళ్ళో దగ్గరుండి చేసే ఇళ్ళల్లో. స్కాట్లండ్ రాణి మేరీ 1568లో ఇంగ్లండ్‌లో బందీగా ఉన్నప్పుడు, ఆమెకు రోజుకో తీరున తల దువ్వే మేరీ సీటన్ నైపుణ్యాన్ని కాపలా అధికారి ఫ్రాన్సిస్ నోలిస్ తన లేఖలో ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. వెనక కుట్టు పని మరొకరికి అప్పగిస్తే సగం కష్టం తీరినట్టే.

నడుము దాటే జుట్టు ఉన్నవాళ్ళకు ఇంతకన్నా తేలిక మిలాన్ జడ. పాపిడి, చెవులు కప్పిన నున్నని దువ్వకం, ఒంటిజడ, దాని చుట్టూ ఏటవాలుగా తిప్పిన రిబ్బను. నుదుటి పట్టీకి సన్నటి నల్లదారం చాలు. చెచీలియాది, లియొనార్డోదే అయిన లూవ్ర్ చిత్రం ‘లా బెల్ ఫెరొనియేర్’లో ఉన్నామెది ముదురు రంగు జుట్టే. ఒత్తుగా, నిడుపుగా ఉండే నల్ల జుట్టుకు ఫ్లోరెన్స్ ఉంగరాల కన్నా ఇదే సహజంగా కుదురుతుంది.

సవరం కొత్తదేమీ కాదు

సొంత జుట్టుతోనే అంతా చేయాలన్న పట్టుదల ఆధునికమైనది. ఆ కాలంలో పట్టుదారంతో చేసిన జడలు, మనిషి జుట్టు సవరాలు, లోపల బట్ట కూరిన చుట్టలు మామూలు. ఇటలీలోని ఉర్బీనో పాలకుడి భార్య బత్తిస్తా స్ఫోర్జాను పియెరో దెల్లా ఫ్రాంచెస్కా గీసిన చిత్రంలో చెవుల మీద తెల్లబట్టతో కలిపి చుట్టిన జుట్టు కనిపిస్తుంది. 1497 ఫిబ్రవరి 7న ఫ్లోరెన్స్‌లో విలాసాలను ఖండించిన క్రైస్తవ సన్యాసి సవొనరోలా అనుచరులు అద్దాలు, అత్తర్లతో పాటు కృత్రిమ జుట్టును కూడా మంటల్లో వేశారు. అంత కోపం వచ్చిందంటే వాడకం ఏ స్థాయిలో ఉండేదో ఊహించవచ్చు. విండ్సర్‌లో ఉన్న లియొనార్డో జడల రేఖాచిత్రం ఒకదాని పక్కన, దీన్ని చెడకుండా తీసి మళ్ళీ పెట్టుకోవచ్చన్న అర్థంలో ఆయనే రాసిపెట్టాడు. అంటే అది సాక్షాత్తూ విగ్గు.

కాబట్టి పలుచని జుట్టు ఉన్నవాళ్ళు, స్టెప్ కట్ చేయించుకున్నవాళ్ళు సవరం పెట్టుకోవడం చరిత్రకు ద్రోహమేమీ కాదు. స్టెప్ కట్ జుట్టుకైతే తప్పదు కూడా, ఎందుకంటే పొట్టి పాయలు జడలోంచి ముళ్ళలా బయటికి పొడుచుకొస్తాయి. నైలాన్ సవరం మెరుపు జుట్టులో కలవదు. మనిషి జుట్టుతో చేసినదే నయం. తిరుమల కల్యాణకట్టలో భక్తులు ఇచ్చే తలనీలాలు వేలంలో అమ్ముడై, విగ్గులుగా, ఎక్స్‌టెన్షన్లుగా ఐరోపా దాకా చేరుతున్న సంగతి తెలిసిందే. నేటి రెనెసాన్స్ వేషాల్లో కొన్ని జడలు తిరుమల కొండ దిగి వెళ్ళినవే అయినా ఆశ్చర్యం లేదు.

బంగారు రంగు, ఎత్తు నుదురు

పాత పద్ధతుల్లో ఇంటికి తెచ్చుకోకూడనివి ఈ రెండూ. ఇటలీ కవి పెత్రార్క్ కవిత్వం 14వ శతాబ్దం నుంచే బంగారు జుట్టును ఆదర్శంగా నిలిపింది. వెనిస్ స్త్రీలు ఇంటి కప్పు మీది చెక్క అరుగుల్లో ఎండలో కూర్చునేవారు. నడినెత్తి భాగం లేని గడ్డి టోపీ పెట్టుకుని, దాని అంచు మీద జుట్టు పరిచి, కర్రకు కట్టిన స్పాంజితో ద్రావణం తడుపుతూ ఉండేవారు. చెజారె వెచెల్లియో 1590లో అచ్చు వేసిన వేషధారణల గ్రంథంలో ఈ బొమ్మ ఉంది. ఇటలీలోని ఫోర్లీని ఏలిన కతెరీనా స్ఫోర్జా రాయించుకున్న 400కు పైగా ప్రయోగాల్లో జుట్టుకు రంగు తెచ్చే మందులూ ఉన్నాయి. బూడిద తేట, పటిక, గంధకం అప్పటి తయారీల్లో తరచూ తగిలే దినుసులు.

ఇందులో పనిచేసే రసాయనం సూటిగానే ఉంటుంది. క్షారం వెంట్రుక పొలుసులను తెరుస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు లోపలి మెలనిన్‌ను విరగ్గొడతాయి. లేత గోధుమ రంగు జుట్టుకు ఆ దెబ్బ చాలు. నల్ల జుట్టులో మెలనిన్ చాలా ఎక్కువ కాబట్టి అది ఎర్రటి రాగి రంగు దగ్గరే ఆగిపోతుంది, ఈలోగా వెంట్రుక గరుకెక్కి తెగుతుంది. మాడుకు క్షారం తగిలితే మంట, పుండు.

నుదుటి పై వరుస వెంట్రుకలు పీకి ముఖాన్ని విశాలంగా చూపించడం కూడా ఇలాంటిదే. బత్తిస్తా నుదురు అంత ఎత్తుగా కనిపించేది అందుకే. పదేపదే పీకితే కుదుళ్ళు దెబ్బతిని అక్కడ జుట్టు మళ్ళీ రాకపోవచ్చు. నున్నగా వెనక్కి దువ్వి, పట్టీని కాస్త పైకి పెడితే చాలావరకు అదే భ్రమ కలుగుతుంది.

విప్పడం

కుట్టిన జడను తొందరపడి కత్తెరతో తెంపితే నాడాతో పాటు జుట్టు కూడా పోతుంది. అందుకే జుట్టు రంగు నాడా కాకుండా తెల్లదో ఎర్రదో వాడటం మంచిది. వేసిన ముడి వెతికి విప్పి, కుట్టు కుట్టుకూ సూది వెళ్ళిన దారినే వెనక్కి లాగాలి. ఒకటి రెండు రోజులకు మించి బిగుతుగా ఉంచితే, ముఖ్యంగా చెవుల పైన, నుదుటి అంచున కుదుళ్ళ మీద లాగుడు పడి జుట్టు పలచబడే ప్రమాదం ఉంది. నెత్తిన నొప్పి మొదలైతే ఎంత బాగా కుదిరినా విప్పేయడమే. కాస్త తడి ఉండగా అల్లిన జడ విప్పగానే జుట్టు నిండా సన్నటి అలలు పడతాయి. ఇనుప కడ్డీలు వేడి చేసే అవసరం లేకుండా, జొవాన్నా చెంపల పక్కన కనిపించే అలలు అలాగే వస్తాయి. అవి ఎక్కువ సేపు నిలవాలంటే గుడ్డు తెల్లసొన కన్నా నీళ్ళలో కరిగించిన పలుచటి తుమ్మబంక వేళ్ళతో అద్దడం మేలు, కడిగితే తేలిగ్గా పోతుంది.